అష్టభోగాలు అంటారు, లెక్కపెడితే తొమ్మిది! దస్తావేజుల్లోని హక్కుల మాటలు ఎక్కడివి?

విభాగం: పదచర్చ › దస్తావేజులు, శాసనాలు

#1 పాతకాగితం

క్రయ దస్తావేజుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, ఈ ధోరణి వాక్యం తరచు కనిపిస్తుంది:

"సదరు భూమిని నిధి నిక్షేప జల తరు పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజస్వామ్యములతో మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా దానాది వినిమయ విక్రయములకు యోగ్యముగా సర్వహక్కులతో అనుభవించగలరు."

నా సందేహాలు మూడు. అష్టభోగాలంటూనే తొమ్మిది పేర్లు చెప్పారు, ఎక్కువైనది ఏది? అక్షిణి అంటే ఏమిటి? అసలీ వాక్యం ఉన్నందువల్ల కొన్నవాడికి ఇప్పటి చట్టం కింద అదనంగా ఏమైనా వస్తుందా, లేకపోతే ఏమైనా పోతుందా?

గంధం, తాంబూలం, పుష్పం, శయ్య వగైరా అష్టభోగాల జాబితా ఇంకొకటి ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదని తెలుసు. దయచేసి అటు వెళ్లకండి.

#2 తామ్రపత్రం

ఎక్కువైనది "తరు". అదెలా దూరిందో తెలియాలంటే మూలం చూడాలి. విజయనగర రాజుల సంస్కృత తామ్రశాసనాల్లో దానభాగం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది:

సర్వమాన్యం చతుస్సీమాసంయుతం చ సమంతతః
నిధినిక్షేపపాషాణసిద్ధసాధ్యజలాన్వితం
అక్షిణ్యాగామిసంయుక్తం గణభోగ్యం సభూరుహం
వాపీకూపతటాకైశ్చ కచ్ఛారామైశ్చ సంయుతం
పుత్రపౌత్రాదిభిర్భోగ్యం క్రమాదాచంద్రతారకం
దానాధమనవిక్రీతియోగ్యం వినిమయోచితం

రెండో పంక్తిలో ఆరు: నిధి, నిక్షేపం, పాషాణం, సిద్ధం, సాధ్యం, జలం. మూడో పంక్తి మొదట్లో రెండు: అక్షిణి, ఆగామి. మొత్తం ఎనిమిది, లెక్క సరిపోయింది. చెట్లు ఈ ఎనిమిదింటిలో లేవు. అవి "సభూరుహం" అంటూ విడిగా వచ్చాయి. బావులు, చెరువులు, తోటలు కూడా అంతే, ఆ తర్వాతి పంక్తిలో వేరుగా ఉన్నాయి. శ్లోకం కాస్తా తెలుగు వచనంలోకి దిగినప్పుడు లేఖరులు ఆ విడి చెట్లను జలం పక్కకు చేర్చి, "అష్ట" అన్న మాటను మాత్రం అలాగే ఉంచేశారు. ఆ తర్వాత ఒకరి చిత్తు చూసి మరొకరు రాసుకుంటూ పోయారు.

పేర్ల వరస ఒక్కో దస్తావేజులో ఒక్కోలా ఉండటానికీ ఇదే కారణం. శ్లోకంలో వరస ఛందస్సు కోసం, అర్థక్రమం కోసం కాదు. వచనంలో రాసినవారు ఎవరికి తోచినట్టు వారు సర్దుకున్నారు.

ఇప్పుడు అర్థాలు. నిధి అంటే సొంతదారు ఎవరో తెలియని పాతర. నిక్షేపం ధర్మశాస్త్రంలో ఒకరిని నమ్మి దాచమని అప్పగించిన సొమ్ము, శాసనాల్లో దాన్ని దాచిపెట్టిన ధనం అనే అర్థంలో నిధికి జంటగా వాడారు. జలం, పాషాణం తెలిసినవే. పాషాణం కింద రాయితో పాటు గనుల్ని కూడా చెప్పుకుంటారు. సిద్ధం ఇప్పటికే సాగులోకి వచ్చి ఫలమిస్తున్నది. సాధ్యం ప్రయత్నిస్తే సాగులోకి తేగలిగినది, అంటే బీడు, బంజరు. ఆగామి ఇకముందు చేకూరబోయేది.

మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. ఇది అమ్మకందారు మాట కాదు, రాజు మాట. మనుస్మృతి 8వ అధ్యాయం పాత నిధుల్లోనూ భూమిలోని ధాతువుల్లోనూ రాజుకు సగం చెబుతుంది. భూమికి అధిపతి, రక్షకుడు కనుక అని కారణం కూడా ఇస్తుంది. ఆ సగం మీద తనకున్న దావాను రాజు వదులుకుంటున్నాడని చెప్పడానికే నిధి, పాషాణం అని పేరుపేరునా రాశారు.

#3 ఛందోవేది

అక్షిణి గురించి. రెండు వ్యాఖ్యానాలు చలామణీలో ఉన్నాయి. ఒకటి, "ఆగామి"కి ఎదురుమాటగా, ఇప్పుడు చేతికందుతున్న రాబడి. రెండోది, "అక్షీణ"కు మారురూపంగా, తరగని శాశ్వత లాభం.

ఛందస్సు తీర్పు చెబుతుందేమోనని చూస్తే చెప్పదు. "అక్షిణ్యాగామిసంయుక్తం"లో "క్షి" హ్రస్వమే అయినా వెనక "ణ్యా" సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువవుతుంది. "అక్షీణాగామిసంయుక్తం" అని చదివినా ఎనిమిది అక్షరాలే, ఆ చోట గురువే, అయిదోది "మి" లఘువే. ఎటు చదివినా శ్లోకం ఛందస్సు, అంటే అనుష్టుప్పు, చెడదు.

నాకు మొదటిదే నచ్చుతుంది. సిద్ధం–సాధ్యం జంటలో ఒకటి అయినది, ఒకటి కావలసినది. అక్షిణి–ఆగామి జంట కూడా అదే పోలికలో ఉంటే శ్లోకం చక్కగా కూర్చుంటుంది. నిధి–నిక్షేపం ఒక జంట, జలం–పాషాణం ఒక జంట. నాలుగు జంటలు.

#4 పాతకాగితం

ధన్యవాదాలు ఇద్దరికీ. మరి తేజస్వామ్యం? కొన్ని కాగితాల్లో "తేజోస్వామ్యం" అనీ చూశాను.

#5 ఛందోవేది

తేజోస్వామ్యం తప్పు. విసర్గ తర్వాత "స" వస్తే ఓకారం రాదు. తేజః + స్వామ్యం అంటే తేజఃస్వామ్యం, లేదా తేజస్స్వామ్యం. రాతలో ఒక "స" జారిపోయి తేజస్వామ్యం అయింది, అదే వాడుకలో నిలిచింది. తేజోమయంలో "మ" ఉంది కాబట్టి ఓకారం వచ్చింది. ఆ పోలికతో దీన్నీ మార్చేశారు.

అర్థం విషయానికొస్తే, స్వామ్యం అంటే యజమానితనం. తేజస్సు అంటే ఇక్కడ దర్పం, అధికారం. భోగం అనుభవిస్తాడు, స్వామ్యం చెలాయిస్తాడు. కౌలుదారుకు మొదటిది ఉంటుంది కానీ రెండోది ఉండదు.

#6 లేఖరి

పాతకాగితం గారు ఇచ్చిన నమూనాలో తొమ్మిదో పేరు కన్నా ముఖ్యమైన తప్పు ఇంకొకటుంది, ఎవరూ పట్టించుకోలేదు. "దానాది వినిమయ విక్రయములు" అని ఉంది చూడండి. అది "దానాధి" కావాలి, వత్తు ధ.

దాన + ఆధి. ఆధి అంటే తాకట్టు. యాజ్ఞవల్క్యస్మృతిలో తనఖా వ్యవహారమంతా ఆధి అన్న పేరుతోనే నడుస్తుంది. తామ్రపత్రం గారు ఇచ్చిన శ్లోకంలో ఉన్న "ఆధమనం" కూడా అదే. ఇవ్వడం, తాకట్టు పెట్టడం, మారకం చేయడం, అమ్మడం అని నాలుగు. వత్తు పోవడంతో అది "దానం మొదలైన" అయిపోయి తాకట్టు మాయమైంది. అర్థం తెలిసి రాసేవారు "దానాధి వినిమయ విక్రయములకు" అని స్పష్టంగా రాస్తారు, లేదా "దాన, తనఖా, వినిమయ, విక్రయాది" అని విడగొడతారు.

ఈ నాలుగూ 1882 ఆస్తి బదిలీ చట్టంలో నాలుగు వేర్వేరు చోట్ల కూర్చున్నాయి. విక్రయం 54వ సెక్షను, తనఖా 58 నుంచి, వినిమయం 118, దానం 122 నుంచి. నియమాలు కూడా ఒకటి కావు. దానపత్రం స్థిరాస్తికైతే రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి (123). 100 రూపాయలు, ఆపైన అసలుకు రాసే తనఖాకూ అంతే (59), హక్కు పత్రాలు దఖలుపరిచి చేసే తనఖా తప్ప. విక్రయానికి సాక్షుల ధ్రువీకరణను ఆ చట్టం షరతుగా పెట్టలేదు. అయినా ఇద్దరిచేత సంతకాలు పెట్టించడం మామూలే, మంచిదే.

పాత నాలుగింటిలో కౌలు లేదు, గమనించారా? చట్టంలో అది 105. కౌలుకిచ్చినవాడి చేతిలో సొత్తు అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని వదులుకునే మార్గాల్లో లెక్కపెట్టలేదని నా ఊహ.

#7 సివిల్‌దావా

మూడో ప్రశ్నకు జవాబు. అష్టభోగ వాక్యం రాసినా రాయకపోయినా కొన్నవాడికి దక్కేది ఒకటే. ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షను చదవండి. వేరే ఉద్దేశం స్పష్టంగానో, సందర్భాన్ని బట్టి తప్పనిసరిగానో కనిపిస్తే తప్ప, బదిలీ చేసేవాడికి ఆ ఆస్తిలో ఇవ్వగలిగిన హితమంతా, దానికి అంటి ఉన్న చట్టబద్ధ అనుబంధాలతో సహా వెంటనే సంక్రమిస్తుంది. భూమి అయితే దానికి అనుబంధమైన ఈజుమెంటు హక్కులు (పక్కవాడి నేల మీదుగా బాట, నీరు వంటివి వాడుకునే హక్కులు), బదిలీ తర్వాత వచ్చే అద్దెలు, ఫలసాయం, నేలకు అంటుకొని ఉన్నవన్నీ వస్తాయి. ఈ కాలపు అష్టభోగం అదే.

"ఇవ్వగలిగిన" అన్న మాట కింద గీత గీసుకోండి. అమ్మేవాడికి లేనిది ఎనిమిది పేర్లతో రాసినా, ఎనభై పేర్లతో రాసినా రాదు. ఒక్కో భోగాన్నీ ఇప్పటి చట్టం ముందు నిలబెడితే ఇలా ఉంటుంది.

నిధి, నిక్షేపం: 1878 నిధుల చట్టం. నేలలో దాగిన విలువైన వస్తువు దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ 10 రూపాయలు 1878 నాటి లెక్క. విచారణలో, దొరికిన రోజుకు ముందు 100 ఏళ్ల లోపు దాచినదని, సొంతదారు ఫలానా అని ఎవరూ చూపలేకపోతే కలెక్టరు దాన్ని సొంతదారులేని నిధిగా ప్రకటించవచ్చు. అప్పుడు స్థలం యజమాని అని నిలబడినవాడు ఉంటే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేని పక్షంలో, ముప్పావు వంతు దొరికినవాడికి, పావు వంతు స్థలం యజమానికి. ప్రభుత్వం తీసుకోదలిస్తే ఆ నిధిలోని పదార్థం విలువకు దానిలో అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దస్తావేజులో "నిధి" అని రాసి ఉంది కదా అని ఎవరికీ చెప్పకుండా ఉంచుకుంటే నేరం. పురాతన వస్తువైతే 1972 చట్టం కూడా వచ్చి కూర్చుంటుంది.

జలం, తరువు: 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వాలంటే అనుమతి కావాలి. చేతిపంపుకు, ప్రజల తాగునీటి కోసమే తవ్వేదానికి మినహాయింపు ఉంది. చెట్ల నరికివేతకూ ఈ చట్టంలో ఆంక్షలున్నాయి.

పాషాణం: పట్టా భూమిలో రాయి ఉందని తవ్వి అమ్మడానికి లేదు. 1957 గనుల చట్టం, దాని కింద మన 1966 చిన్నతరహా ఖనిజాల నియమాలు ఉన్నాయి. అనుమతి, సీనరేజీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) రెండూ కావాలి.

అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలు 8వ సెక్షను కిందనే వచ్చేస్తాయి. వాటికి గొడవ లేదు.

#8 బోదెగట్టు

సివిల్‌దావా గారూ, పాషాణం దగ్గర మీరు రెండు విషయాలు కలిపేశారు. తవ్వడానికి అనుమతి కావాలనడం వేరు, భూగర్భ ఖనిజం ఎవరిదనడం వేరు. కేరళ మలబారు భూముల కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, చెల్లుబాటయ్యే చట్టప్రక్రియ ద్వారా ఆ హక్కు తీసేసి ఉంటే తప్ప నేల కింది ఖనిజం మామూలుగా నేల యజమానిదే, కిందిదంతా రాజ్యానిదేనని చెప్పే చట్టమేదీ లేదు అని. అలాంటప్పుడు "పాషాణ" అన్న మాట ఖాళీ మాట కాదు కదా.

#9 సివిల్‌దావా

నిజమే, విడదీయాల్సింది. యాజమాన్యం ఒకటి, తవ్వే నియంత్రణ ఒకటి. కానీ నా మాట అలాగే ఉంది. యాజమాన్యం అమ్మేవాడికి ఉంటే 8వ సెక్షనుతోనే వస్తుంది. పట్టా ఇచ్చినప్పుడే ప్రభుత్వం ఖనిజాలు తనకు అట్టిపెట్టుకొని ఉంటే "పాషాణ" అని రాసినా రాదు. అంచేత చూడాల్సింది దస్తావేజులో పదం కాదు, మొదటి పట్టా షరతులు. ఆ భూమి ఎస్టేటుదా, ఇనామా, రైత్వారీయా అన్నది అక్కడే తేలుతుంది.

అసైన్డు భూమికి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమికి, ఈ వాక్యం రాయడం ఇంకా ప్రమాదం. 1977 చట్టం అలాంటి బదిలీలను నిషేధించింది. "దాన విక్రయ యోగ్యముగా" అని ఎంత అందంగా రాసినా ఆ భూమి యోగ్యం కాదు. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా ఈ చట్టానికి సవరణలు వేర్వేరుగా జరిగాయి. ఎక్కడి భూమో, ఏ తేదీ అసైన్‌మెంటో చూడకుండా ముందుకు వెళ్లకూడదు. రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింది నిషిద్ధ జాబితాలో సర్వే నంబరు ఉందేమో ముందే చూసుకోవాలి.

#10 శాసనప్రియ

భోగాల గురించే మాట్లాడుతున్నారు. వాటికి ముందుతరం మాట ఇంకొకటుంది: పరిహారం. ఇప్పుడు పరిహారం అంటే నష్టానికి ఇచ్చే సొమ్ము. పాత శాసనాల్లో అది మినహాయింపు. "ఇది నీది" అని ఇవ్వడం భోగం, "ఇది నీ జోలికి రాదు" అని మాట ఇవ్వడం పరిహారం.

గుంటూరు సీమలో దొరికిన మయిదవోలు తామ్రశాసనం పల్లవ శివస్కందవర్మ యువరాజుగా ఉండగా ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ. ప్రాకృతంలో ఉంది. విరిపర అనే ఊరు దానమిస్తూ, ఆ ఊరికి ఏయే బాధలు ఉండవో పేరుపేరునా చెబుతుంది. "అలోణఖాదకం", ఉప్పు కోసం తవ్వరు. "అభడపవేసం", భటులు ప్రవేశించరు. వంతులవారీగా ఎద్దుల్ని పట్టుకోరు. వచ్చిన అధికారులకు అన్నం, మంచాలు, బస సమకూర్చే పని లేదు.

ఒక్క పల్లవులదే కాదు. అంతకు ముందు గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ గుహ శాసనంలోనూ "అపావేసం", "అలోణఖాతకం" వరసగా వస్తాయి, చివర "సవజాతపారిహారికం", అంటే అన్ని రకాల పరిహారాలతో. పల్లవుల దానాల్లో "అష్టాదశజాతిపరిహారం" అని పద్దెనిమిదిగా లెక్కకట్టారు. ఊళ్లోకి రాజు మనిషి రాకుండా చూసుకోవడమే మొదటి వరం అన్నమాట.

విజయనగర శ్లోకంలోని "సర్వమాన్యం" ఈ పరిహారాలన్నిటినీ ఒక్క మాటలో మడిచిపెట్టింది. మాన్యం అంటే పన్ను లేని నేల. ప్రైవేటు దస్తావేజులోకి ఎనిమిది భోగాలు వచ్చాయి కానీ సర్వమాన్యం రాలేదు, కారణం ఇదే. పన్ను మాఫీ చేయడం అమ్మకందారు చేతిలో లేదని లేఖరులకు తెలుసు. నిధి, పాషాణం కూడా పూర్తిగా వాడి చేతిలో లేవు, మరి వాటినెందుకు వదల్లేదో!

#11 లేఖరి

చదవడానికి బావుంటుందని!

#12 నిఘంటువు

నమూనా చివర ఉన్న "సర్వహక్కులతో" గురించి ఎవరూ అనలేదు. అంత సంస్కృతం మధ్య అది అరబ్బీ. హక్కు మూలం "హఖ్ఖ్": సత్యం, న్యాయం, రావలసినది. పారసీ, దక్కనీ ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అరబ్బీలో చివర ద్విత్వం ఉంది. హిందీ వాడుకలో అది పోయి "హక్" అయింది. తెలుగు పదం అచ్చుతో ముగియాలి కాబట్టి ఉకారం చేరి ద్విత్వం బతికిపోయింది. కన్నడంలోనూ హక్కే.

దీనితో వచ్చిన బంధువర్గం పెద్దది. ఇనాము (అరబ్బీలో అనుగ్రహం), జాగీరు (పారసీలో చోటు + పట్టుకున్న), రుసుము (ఆచారంగా ముట్టేది), మిరాసీ. మిరాసీ "మీరాస్" నుంచి, అంటే వారసత్వం. వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగం, దాని ఫలం రెండూ కలిపి మిరాసీ. తిరుమల ఆలయ మిరాసీలు ఆ కోవలోవే. 1987 దేవాదాయ చట్టం 34వ సెక్షను వంశపారంపర్య హక్కులను రద్దుచేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. గ్రామాల్లో కరణం, మునసబు పదవులు 1984లో పోయాయి.

మిరాసీకి ముందు ఆ చోటులో ఉన్న దక్షిణాది మాట కాణాచి. తమిళంలో కాణియాట్చి: కాణి అంటే నేల, ఆట్చి అంటే ఏలుబడి. తొండమండలం మిరాసీ హక్కుల మీద మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1818లో ఇచ్చిన సమాధానాలు ప్రసిద్ధం. ఇవాళ తెలుగులో "కళలకు కాణాచి" అంటున్నాం. నేల మీద వంశహక్కు కాస్తా పుట్టినిల్లు అయిపోయింది.

ఇంకొక వింత. బాధ్యత మనకు భారం. అదే మాట తమిళంలో "పాత్తియదై" అయి హక్కు అన్న అర్థంలో నిలిచింది. కన్నడ శాసనసభలో "హక్కుబాధ్యత" అంటే సభ్యుల ప్రత్యేక హక్కులు.

#13 పాతకాగితం

నిఘంటువు గారూ, మంచి దారి తీశారు. శాసనసభ వార్తల్లో "సభా హక్కుల ఉల్లంఘన" అంటారు. అక్కడ హక్కు అంటే ప్రాథమిక హక్కుల్లోని హక్కేనా?

#14 సివిల్‌దావా

కాదు. ప్రాథమిక హక్కులు రాజ్యాంగం మూడో భాగంలో ఉన్నాయి, 12 నుంచి 35 వరకు. కొన్ని పౌరులకే, కొన్ని ప్రతి మనిషికీ. సభా హక్కులు పార్లమెంటుకు 105, రాష్ట్ర శాసనసభలకు 194. అవి సభకూ సభ్యులకూ మాత్రమే. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టులో చర్య ఉండదన్నది వాటిలో ముఖ్యమైనది. శాసనప్రియ గారి భాషలో చెప్పాలంటే ఇవి పరిహారాలు, భటులు ప్రవేశించని ఊరు లాంటివి. తెలుగు పత్రికలు రెంటికీ ఒకే మాట వాడతాయి, సందర్భమే విడదీస్తుంది. "విశేషాధికారం" అని ఒక మాట ఉంది కానీ పత్రికల్లో నిలదొక్కుకోలేదు.

#15 బోదెగట్టు

శాసనాల నుంచి మళ్లీ పొలానికి వద్దాం. ఎనిమిది భోగాలు రాసి, గొడవ వచ్చే నాలుగు సంగతులు వదిలేస్తున్నారు. వ్యాజ్యాలు పుట్టేది అక్కడే.

మొదటిది నిలబడి ఉన్న పైరు. "నేలకు అంటుకున్నవన్నీ" వస్తాయని 8వ సెక్షను అంటుంది. అదే చట్టం 3వ సెక్షను స్థిరాస్తిలోంచి పెరుగుతున్న పంటల్ని, కలపగా కొట్టే చెట్లను, గడ్డిని తీసేసింది. ఈ రెంటి మధ్య వాదించుకోవడం ఎందుకు? "ప్రస్తుతం నిలిచియున్న వరిపైరు అమ్మినవారే కోసుకొని ఫలానా తేదీ లోపు భూమి ఖాళీచేసి ఇవ్వవలెను" అని ఒక వాక్యం రాస్తే చాలు.

రెండోది బావి, బోరు. ఉమ్మడి బావిలో వాటా ఉంటే "జల" అని ఊరుకోవద్దు. వాటా ఎంతో భిన్నంలో రాయాలి, బావి ఏ సర్వే నంబరులో ఉందో రాయాలి, నీరు ఏ బోదె మీదుగా వస్తుందో రాయాలి. మోటారు, పైపులు చరాస్తి కిందకు పోతాయన్న వాదన వస్తుంది కాబట్టి విడిగా పేర్కొనాలి. కరెంటు సర్వీసు నంబరు రాసి, పేరు మార్పిడికి అమ్మినవారి సమ్మతి అందులోనే పెట్టించాలి.

మూడోది బాట. పక్కవాడి గట్టు మీద బండి నడుస్తోందంటే అది అలవాటా, హక్కా? 1882 ఈజుమెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం ఎవరి అనుమతీ అడగకుండా, బాహాటంగా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడి ఉండాలి, ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. పక్కవాడు దయతలచి పోనిచ్చినది ఎన్నేళ్లయినా హక్కు కాదు. బాట వెడల్పు, దిక్కు, ఎవరి నేల మీదుగా పోతుందో దస్తావేజులో రాయించడం, వీలైతే ఆ పక్కవాడి చేత విడిగా ఒప్పందం రిజిస్టరు చేయించడం మేలు.

నాలుగోది హద్దులు. ఇదొక్కటే శాసనాల నుంచి మారకుండా వచ్చింది. అక్కడ చతుస్సీమలు, ఇక్కడ చెక్కుబందీ. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, "ఇందు మధ్య గల" భూమి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన లేనప్పుడు, హద్దులు స్పష్టంగా ఉంటే మామూలుగా హద్దులదే పైచేయి. "పడమర: ఇతరుల భూమి" అని రాసిన దస్తావేజులో స్పష్టత ఎక్కడుంది? పక్క రైతు పేరు, సర్వే నంబరు, ఉపవిభాగం ఉండాలి.

#16 లేఖరి

బోదెగట్టు గారి నాలుగూ నూటికి నూరుపాళ్లు. ఒకటి కలుపుతాను. "హక్కు భుక్తములు" అని రాస్తాం. హక్కు అరబ్బీ, భుక్తం సంస్కృతం, కానీ చెప్పేవి రెండు వేర్వేరు సంగతులు. హక్కు కాగితంలో, భుక్తం నేల మీద. "హక్కు భుక్తములు ఈ దినమే మీకు దఖలుపరచితిమి" అని రాసి, నేల మీద కౌలుదారు దున్నుకుంటూ ఉంటే ఆ వాక్యం అబద్ధమవుతుంది. అప్పుడు కౌలుదారు పేరు, గడువు రాసి, ఇకపై కౌలు కొన్నవారికి చెల్లేలా రాయాలి.

ఇక పాతకాగితం గారి నమూనా వాక్యం తీసేయమని నేనైతే అనను. కక్షిదారులు అది లేకపోతే ఏదో తగ్గిందనుకుంటారు. ఉంచదలిస్తే ఇలా ఉంచండి: "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజఃస్వామ్యములతోను, తరువులతోను, షెడ్యూలులో వివరించిన బాట, బోదె, బావి హక్కులతోను, చట్టమునకు లోబడి, దానాధి వినిమయ విక్రయములకు యోగ్యముగా". ఎనిమిది ఎనిమిదిగానే ఉంటాయి, చెట్లు బయట ఉంటాయి, తాకట్టు తిరిగొస్తుంది.

#17 పాతకాగితం

దాచుకున్నాను. తామ్రపత్రం గారికి చివరి ప్రశ్న. శ్లోకంలో "గణభోగ్యం" అని ఇచ్చారు. నేను చూసిన ఒక శాసన పాఠంలో అదే చోట "ఏకభోగ్యం" ఉంది. పాఠభేదమా?

#18 తామ్రపత్రం

పాఠభేదం కాదు, దానంలోనే తేడా. ఊరు ఒక్కరికే ఇస్తే ఏకభోగ్యం, పలువురికి కలిపి ఇస్తే గణభోగ్యం. రెండూ నాలుగక్షరాలే, పైగా పాదంలో అయిదో అక్షరమైన "స" ముందు ఏది పెట్టినా నడుస్తుంది కాబట్టి ఆ ఒక్క మాట మార్చి మిగతా శ్లోకం అలాగే వాడుకున్నారు. గణభోగ్యం కనిపిస్తే కింద వృత్తుల (అంటే వాటాల) పట్టిక కోసం వెతకండి. గోత్రం, సూత్రం, తండ్రి పేరు, ఎవరికి ఎన్ని వృత్తులు అన్నది వరసగా ఉంటుంది. ఏకభోగ్యం అని ఉండి కింద పదిమంది పేర్లు కనిపిస్తే, మొదటి గ్రహీత తర్వాత వాళ్లకు పంచి ఇచ్చాడేమో చూడాలి. అలాంటి సందర్భాల్లో ఆ పంపకం సంగతి శాసనంలోనే రాసి ఉంటుంది. మీరు చూసిన పాఠంలో "ఏకభోగ్యం" తర్వాతి పంక్తులు ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.